కోర్సుకి డబ్బు కట్టేముందు

అమ్మలూ,

మీ రెండో తరగతిలో కొరికే పిల్లాణ్ణి దారిలో పెట్టడానికి కోర్సు చేద్దామనుకుని నువ్వు వాట్సాప్‌లో పంపిన రంగుల కాగితం చూశాను. 'మూడు రోజుల్లో బిహేవియర్ మేనేజ్‌మెంట్ స్పెషలిస్ట్' అట, ఫీజు 18,000 అట, ఇంటర్నేషనల్ సర్టిఫికెట్ ఫ్రీ అట. పట్టుచీర కొంటే సంచీ ఫ్రీ అన్నట్టుంది. నీ జీతమెంతో నాకు తెలుసు కాబట్టి ఆ అంకె చూడగానే గుండె గుభేలుమంది. "కట్టెయ్యనా పెద్దమ్మా?" అని నువ్వడగడం, "ఆగవే" అని నేననడం, అంతలో మీ స్కూల్లో ఇంటర్వెల్ అయిపోవడం. ఎందుకాగాలో చెప్పడానికే ఈ ఉత్తరం. పొడుగ్గానే ఉంటుంది, ఆదివారం కాఫీ పెట్టుకుని చదువు.

ముందు నీ ప్రశ్న మార్చుకోవాలి. "ఏ కోర్సు మంచిది?" అనడం మందుల షాపుకెళ్ళి "ఏ మాత్ర మంచిది?" అన్నట్టే. బిహేవియర్ మేనేజ్‌మెంట్, అంటే ఇబ్బంది పెట్టే ప్రవర్తనని దారిలో పెట్టడం, ఈ పేరు కింద అరడజను రకాల చదువులున్నాయి. తల్లికి పనికొచ్చేది టీచరుకి సరిపోదు. టీచరుకి సరిపోయేది థెరపీ చేసేవాళ్ళకి చాలదు. మానసిక ఆసుపత్రి వార్డులో నేర్పేదైతే మీ రెండో తరగతి గది గడప తొక్కనే కూడదు. పిల్లాడి సమస్య ఏమిటన్నది తర్వాతి మాట. ఆ పిల్లాడికి నువ్వేమవుతావు, రోజుకి ఎంతసేపు వాడి దగ్గరుంటావు, ఆ సమయంలో నీ చుట్టూ ఇంకెంతమంది పిల్లలున్నారు, దాన్నిబట్టి కోర్సు.

ఇంకో ప్రశ్న ఉంది, నా లెక్కలో అదే అసలుది. నువ్వు పని చేస్తుంటే పక్కన కూర్చుని చూసి, తప్పు దిద్దేవాళ్ళు ఆ కోర్సులో ఉన్నారా?

నా సంగతే చెబుతాను. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో, ప్రత్యేక పిల్లల కోసం పనిచేసే సంస్థలో డిప్లొమా చేసి ఒక స్పెషల్ స్కూల్లో చేరిన రెండో ఏడు. నోట్సంతా కంఠతా వచ్చు, పరీక్షలో ఫస్టు క్లాసు. నా క్లాసులో పదకొండేళ్ళ అబ్బాయి ఒకడు రోజూ పదకొండు గంటలవగానే చొక్కా బొత్తాలు పీకేవాడు. టైమ్ అవుట్ అని చదువుకున్నాను కదా, బొత్తం మీద చెయ్యి పడగానే వాణ్ణి వరండాలోకి పంపేసేదాన్ని. నెల తిరిగేసరికి రోజుకో బొత్తం కాస్తా రోజుకో చొక్కా అయింది. దర్జీ చుట్టూ తిరగలేక వాళ్ళమ్మ నా ముందే ఏడ్చింది.

అప్పుడు మా సీనియర్ మేడమ్ ఒకావిడ పిల్లల కుర్చీ లాక్కుని క్లాసు వెనకాల రెండు గంటలు కూర్చుంది. ఒక్క మాట మాట్లాడలేదు. నేను మామూలుగానే వాణ్ణి బయటికి పంపాను. ఆవిడ లేచి, నా చెయ్యి పట్టుకుని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది. వరండా పక్కన తోటమాలి రబ్బరు పైపుతో మొక్కలకి నీళ్ళు పెడుతున్నాడు. రోజూ అదే వేళ. మావాడు స్తంభానికి ఆనుకుని ఆ నీళ్ళకేసే చూస్తూ తనలో తను నవ్వుకుంటున్నాడు. లోపల నేనిచ్చిన పనేమో పూసలు రంగులవారీగా వేరుచెయ్యడం. "చొక్కా చింపితే పూసలు తప్పుతున్నాయి, పైపు దొరుకుతోంది. చింపడం వాడికి బాగా నేర్పుతున్నావమ్మా" అందావిడ.

మర్నాటి నుంచి లెక్క తిరగేశాం. ఐదు పూసలు వేరుచేస్తే తోటమాలి పక్కన నిలబడి పైపు పట్టుకోవచ్చు. తర్వాత పది పూసలు. ఇంకా తర్వాత గిన్నెడు. చొక్కాలు నిలవడానికి ఆరు వారాలు పట్టింది. అంతవరకు చదివినదంతా నా చేతిలోకొచ్చింది ఆ రోజు కిటికీ దగ్గరే.

ఆవిడలా పక్కనుండి నేర్పడానికి మా పరిభాషలో బిహేవియరల్ స్కిల్స్ ట్రైనింగ్ అని పేరు. చెప్పడం, చేసి చూపించడం, నీచేత చేయించడం, చేస్తుండగా దిద్దడం. ఇంతే. మొదటిదొక్కటే చేసి వదిలేస్తే వినడానికి బావుంటుంది, చేతికి రాదు. మీ అమ్మకి ఆవకాయ పాళ్ళు నేను ఎన్నేళ్ళు ఫోన్లో చెప్పానో నీకు తెలుసుగా, జాడీ దగ్గర పక్కన కూర్చుని కలిపిస్తేగానీ కుదిరిందా? అమెరికాలో సీడీసీ అనే ప్రభుత్వ ఆరోగ్య సంస్థ పరిశోధకులు 2008లో తల్లిదండ్రుల శిక్షణల మీద వచ్చిన 77 మూల్యాంకనాలు ఒకచోట చేర్చి చూశారు. ఫలితం ఎక్కువ కనిపించిన శిక్షణల్లో ఉన్న అంశాల్లో ఒకటి, ఆ తల్లిచేత తన సొంత బిడ్డతోనే క్లాసులో సాధన చేయించడం. నీ రంగుల కాగితంలో ఆ మాట ఎక్కడుందో వెతుకు. జూమ్ లింకు, పీడీఎఫ్ నోట్సు, క్విజ్ ఉన్నాయి. పిల్లాడు లేడు.

ఇక మీ క్లాసులో ఆ పిల్లాడి సంగతి. కాపీరైటింగ్ (చూసి రాసే) పీరియడ్‌లో బెంచీ కిందకి దూరతాడు, పక్కవాణ్ణి కొరుకుతాడు, పలక విసురుతాడు అన్నావు. "హైపర్" అని మీ కరస్పాండెంట్ తేల్చేశారు, "మొండిఘటం" అని మీ హెడ్మిస్ట్రెస్. ఈ రెండు మాటలతోనూ నాకు పని లేదు. ఇరవై రూపాయలు పెట్టి ఒక నోటుబుక్కు కొనుక్కో. పేజీకి మూడు గళ్ళు గీసుకో. ముందు ఏం జరిగింది, వాడేం చేశాడు, తర్వాత ఏం జరిగింది. టైము వెయ్యడం మర్చిపోకు. పది స్కూలు రోజులు రాయి. "కోపం వచ్చింది", "పొగరుగా చూశాడు" అని రాయకు, అవి నీ మనసులో మాటలు. "ఎడమ చేతి మీద కొరికాడు, ఐదు క్షణాలు" అని రాయి.

ఇలా కంటికి కనబడేదే రాయడం మాకు బేసిక్-ఎంఆర్ స్కేలు నేర్పింది. మన దేశంలో బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల కోసం మనోవికాస్ నగర్ సంస్థలో తయారైన కొలత అది. అప్పట్లో ఆ సంస్థ పేరు ఎన్ఐఎంహెచ్, 1984లో పెట్టారు. ఇప్పుడు ఎన్ఐఈపీఐడీ అంటున్నారు. ఆ స్కేలు రెండో భాగంలో 75 రకాల ఇబ్బంది ప్రవర్తనలుంటాయి, పది తరగతులుగా. గిల్లడం, జుట్టు పీకడం, ఉమ్మడం, ఇలా ఒక్కొక్కటీ విడివిడిగా. అసలు చెయ్యకపోతే సున్నా, అప్పుడప్పుడైతే ఒకటి, తరచూ అయితే రెండు. 'మొండి' అనే గడి అందులో లేదు.

నోటుబుక్కు నిండాక మూడో గడి మీద వేలు పెట్టి చదువు. పిల్లలు ఇలాంటి పనులు చేసేది ఎక్కువగా నాలుగింటి కోసం. ఎవరైనా తనవైపు చూడాలని, పని తప్పించుకోవాలని, ఏదో వస్తువు కావాలని, లేదా ఒంటికి అదే హాయిగా ఉందని. నాకు వినగానే రెండోదే అనిపించింది, పీరియడ్ కాపీరైటింగ్ కాబట్టి. కానీ ఫోన్లో విని తేల్చేస్తే నేనూ మీ కరస్పాండెంటూ ఒకటే.

అన్నిటికన్నా ముందు చెవి, పన్ను, కడుపు, నిద్ర. ఇది రాసిపెట్టుకో. మాటలు రాని ఒక ఏడేళ్ళ పాప మా స్కూల్లో హఠాత్తుగా తల గోడకేసి కొట్టుకోవడం మొదలుపెట్టింది. బల్ల చుట్టూ కూర్చుని మేమంతా పెద్ద పెద్ద ప్లాన్లు వేస్తున్నాం. ఆయా వచ్చి, "పిల్ల ఎడమవైపే కొట్టుకుంటోందమ్మా, దిండు మీద చీము మరక ఉందని వాళ్ళ నాయనమ్మ అంది" అని చెప్పింది. చెవిలో ఇన్ఫెక్షన్. మందు పడ్డాక వారానికల్లా మా ప్లాన్లతో పని లేకుండా పోయింది. అలాగే ఒక్కోసారి కొన్ని క్షణాలు శూన్యంలోకి చూసి ఆగిపోతున్నాడంటే ఫిట్స్ ఏమోనని డాక్టరుకి చూపించాలి. జిల్లా ఆసుపత్రుల్లో చాలావాటిలో డీఈఐసీ అని పిల్లల ఎదుగుదల లోపాలు చూసే కేంద్రం ఉంటుంది, 2013లో మొదలైన ఆర్‌బీఎస్‌కే అనే పిల్లల ఆరోగ్య పథకం కింద పెట్టినవి అవి. అక్కడికి పంపమని వాళ్ళమ్మకి నెమ్మదిగా చెప్పు. పేరెంట్స్ మీటింగులో నలుగురిలో మాత్రం చెప్పకు.

వాళ్ళమ్మ మాట వచ్చింది కాబట్టి మొదట తల్లిదండ్రుల కోర్సుల గురించి. ఈ మొత్తం గుంపులో నాకు ఎక్కువ నమ్మకం ఉన్నది వీటి మీదే. చిన్న పిల్లల్లో, అంటే రెండు నుంచి ఎనిమిదేళ్ళ లోపువాళ్ళలో, పేచీలు, చెప్పిన మాట వినకపోవడం, దూకుడు ఉంటే ముందు శిక్షణ కావలసింది పిల్లాడికి కాదు. ఏడీహెచ్‌డీ (కుదురు, దృష్టి నిలవని సమస్య) అని తేలిన నాలుగు, ఐదేళ్ళ పిల్లలకి మాత్రల కంటే ముందు తల్లిదండ్రులకి ఈ శిక్షణ ఇప్పించాలని అమెరికా పిల్లల డాక్టర్ల అకాడమీ 2019 మార్గదర్శకాల్లో ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఎదుగుదలలో వెనకబడ్డ పిల్లల కుటుంబాల కోసం ఒకటి తయారుచేసింది. తొమ్మిది గ్రూపు క్లాసులు, మూడుసార్లు ఇంటికొచ్చి చూడటం. ఆ మూడుసార్లు ఇంటికి రావడం చూశావూ, నేనంటున్నది అదే.

ఇలాంటి క్లాసులో మొదటి మూడు నాలుగు వారాలూ దండన మాటే ఎత్తరు. రోజుకి పదిహేను నిమిషాలు బిడ్డతో ఆడమంటారు, ఆటలో ఆజ్ఞలు వెయ్యొద్దంటారు. "అది కాదు, ఎర్రది పెట్టు, అలా కాదు" అనకుండా పావుగంట ఉండటం మన ఇళ్ళలో ఎంత కష్టమో ప్రయత్నిస్తే తెలుస్తుంది. తర్వాత పొగడ్త. తర్వాత చెప్పేది ఒక్కసారే, చిన్నగా, దగ్గరికెళ్ళి చెప్పడం. ఆ తర్వాతే పట్టించుకోకపోవడం లాంటివి.

ఆ పట్టించుకోకపోవడం దగ్గరే అందరూ బోల్తా పడతారు. మా ఎదురింటి కోడలు ఎక్కడో వీడియో చూసి, నాలుగేళ్ళవాడు ఫోను కోసం ఏడిస్తే ఇవ్వకూడదని నిశ్చయించుకుంది. మొదటిరోజు పావుగంట ఏడ్చాడు. రెండోరోజు అరగంట. మూడోరోజు నేల మీద పడి కొట్టుకుని, వాంతి చేసుకున్నాడు. ఇలా తగ్గేముందు ఒకసారి పెరగడం మామూలే, మా చదువుల్లో మొదటి నెలలోనే చెబుతారు. ఆ పిల్లకి ఎవరూ చెప్పలేదు. వాళ్ళత్తగారు చూడలేక ఫోను చేతిలో పెట్టేసింది. ఇక అంతే, వాడికి ధర తెలిసిపోయింది. పావుగంటకి రాదు, వాంతి దాకా వెళ్తే వస్తుంది. కోర్సు అంటే ఒక్క తల్లికే అనుకోకూడదు, ఇంట్లో వాడి కన్నీళ్ళకి కరిగే మనిషి ఎవరో ఆ మనిషిని కూడా కూర్చోబెట్టాలి. నేను బ్యాచ్‌లు నడిపినన్నాళ్ళూ నాయనమ్మలకీ అమ్మమ్మలకీ కుర్చీలు ముందు వరసలో వేయించేదాన్ని.

మనోవికాస్ నగర్‌లో తల్లిదండ్రులకి కార్యక్రమాలు జరుగుతూనే ఉంటాయి. మీ మండలంలో భవిత కేంద్రం ఉంటుంది చూడు, అక్కడ ప్రత్యేక పిల్లలకి చెప్పే టీచర్లుంటారు. ఖర్చు లేదు. వెళ్ళి పరిచయం చేసుకో. ఆ 18,000 ఇచ్చేలోపు అక్కడ ఒక మధ్యాహ్నం కూర్చుని వాళ్ళు పిల్లలతో ఎలా మాట్లాడతారో చూస్తే నీకు సగం సంగతి తెలుస్తుంది.

రెండో రకం నీకు కావలసినది, క్లాస్‌రూమ్ మేనేజ్‌మెంట్. నలభై రెండు మంది పిల్లలు, ఒక్క టీచరు, నలభై నిమిషాలు. ఒక్కడి కోసం నేర్పే పద్ధతులు ఈ లెక్కకి సరిపోవు. మంచి టీచరు శిక్షణలో ఎక్కువ భాగం అల్లరి మొదలవ్వకముందు చేసే పనుల గురించే ఉంటుంది. ఎవర్ని ఎక్కడ కూర్చోబెట్టాలి, ఒక పని నుంచి ఇంకో పనికి ఎలా మార్చాలి (అల్లరి సగం ఈ సందులోనే పుడుతుంది), నాలుగు నియమాలు పెట్టి వాటిని పాఠం చెప్పినట్టు ఎలా నేర్పాలి. మీ గోడ మీదున్న ఇరవై నియమాల చార్టు నువ్వే చదవలేవు, తీసి పక్కన పెట్టు.

మా రోజుల్లో ఇదంతా ఎక్కడుంది? దండం దశగుణం భవేత్ అనేవారు, గోడకుర్చీ వేయించేవారు, గుంజీలు తీయించేవారు, మా మూడో తరగతి మాస్టారు తొడపాశం పెడితే వారం దాకా మచ్చ ఉండేది. విద్యాహక్కు చట్టం 2009లో 17వ సెక్షను కొట్టడమే కాదు, మానసికంగా వేధించడం కూడా నిషేధించింది. మంచిదే. కానీ బెత్తం లాక్కున్నాక టీచరు చేతిలో ఏం పెట్టారు? చాలాచోట్ల ఏమీ పెట్టలేదు. మీ స్కూల్లో నోటితో తిట్టడం పెరిగిందని నువ్వే అన్నావు కదా, ఆ ఖాళీలోకి వచ్చింది అదే.

1969లో అమెరికాలో ముగ్గురు పరిశోధకులు ఒక నాలుగో తరగతి గదిలో చేసిన ఆట ఒకటుంది, గుడ్ బిహేవియర్ గేమ్ అంటారు. క్లాసుని రెండు జట్లు చేస్తారు. అడక్కుండా లేచినా, మధ్యలో అరిచినా ఆ జట్టు పేరు కింద బోర్డు మీద ఒక గీత. గీతలు తక్కువున్న జట్టు గెలుస్తుంది. రెండు జట్లూ హద్దు దాటకపోతే రెండూ గెలుస్తాయి. బహుమతి పెద్దదేం కాదు, భోజనానికి ముందు వరసలో వెళ్ళడం లాంటిది. ఖర్చు సుద్దముక్క. నేను మామూలు స్కూలు టీచర్లకి నేర్పినప్పుడు ఒకటి గమనించాను. ఒక్కడి వల్లే జట్టు ఓడిపోతుంటే మిగతావాళ్ళు బయట వాడి పని పడతారు. అలాంటివాడు ఉంటే వాణ్ణి మొదటి వారం గీతలు గీసే అసిస్టెంటుగా పెట్టు. మీవాడికి ఆ ఉద్యోగం నప్పుతుందని నా అనుమానం.

పొగడ్త గురించి ఒక చిట్కా, ఇది ఏ కోర్సూ చెప్పలేదు, నేనే కనిపెట్టుకున్నాను. రెండు ఖాళీ చాక్‌పీసు డబ్బాలు తీసుకో. ఎడమదాంట్లో పది చింతపిక్కలు. పీరియడ్‌లో ఎవరినైనా చేసిన మంచిపని పేరు చెప్పి మెచ్చుకున్నప్పుడల్లా ఒక పిక్క కుడి డబ్బాలోకి. "గుడ్" అంటే లెక్కకి రాదు. "పెన్సిలు లాక్కోకుండా అడిగి తీసుకున్నావే" అంటేనే పిక్క కదలాలి. మొదటిరోజు నావి రెండే కదిలాయి. పాతికేళ్ళ సర్వీసు, పిల్లలంటే ప్రాణం అనుకునే మనిషిని, నలభై నిమిషాల్లో రెండు.

ఇక థెరపీ సెంటర్లవాళ్ళు చెప్పే ఏబీఏ కోర్సులు. స్కిన్నర్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త సిద్ధాంతం మీద కట్టిన అప్లయిడ్ బిహేవియర్ అనాలిసిస్ అది. నేను పైన చెప్పిన మూడు గళ్ళూ అందులోవే. ఆటిజం పిల్లలతో ఒకరికొకరుగా కూర్చుని పనిచేసేవాళ్ళకి ఇది. డాలస్‌లో ఉన్న మీ అత్తయ్య కూతురు ఆర్‌బీటీ అని, ఈ థెరపీ చేసేవాళ్ళకిచ్చే మొదటి మెట్టు సర్టిఫికెట్ చేసింది చూడు, 40 గంటల శిక్షణ, ఆపైన ఒక సూపర్‌వైజరు ఎదుట చేసి చూపించడం, ఆపైన పరీక్ష. అక్కడితో అవ్వలేదు. పనిచేసే గంటల్లో కనీసం ఐదు శాతం సూపర్‌విజన్ ఉండి తీరాలి, అంటే ఇరవై గంటలకి ఒక గంట. ఆ నియమం నాకు నచ్చింది. అయితే ఆ సర్టిఫికెట్ ఇచ్చే అమెరికా బోర్డు 2023 నుంచి మన దేశంలో ఉండేవాళ్ళ కొత్త దరఖాస్తులు తీసుకోవడం లేదు. "మా కోర్సు చేస్తే ఆర్‌బీటీ అయిపోతారు" అని తెనాలిలోనో హైదరాబాదులోనో ఎవరైనా చెబితే, ఎలా అవుతామో కాగితం మీద రాసిమ్మను.

ఇందులో నాకొక భయం కూడా ఉంది. 1960ల్లో ఈ పద్ధతి ఆటిజం పిల్లల మీద మొదలైనప్పుడు చెంపదెబ్బలూ కరెంటు షాకులూ కూడా వాడారు. అవి దాదాపు పోయాయి. కానీ పిల్లాణ్ణి 'మామూలుగా' కనిపించేలా చెయ్యాలన్న ఆత్రం పూర్తిగా పోలేదు. ఆ పిల్లలే పెద్దవాళ్ళయి, మమ్మల్ని మేం దాచుకోవడం నేర్పారని ఇప్పుడు చెబుతున్నారు. నేనూ ఒకప్పుడు "చేతులు కిందికి" అని గంటకి ఇరవైసార్లు అన్నదాన్నే. చేతులు ఆడించుకుంటే ఎవరికేం నష్టమని నన్నెవరూ అడగలేదు, నేనూ అడుక్కోలేదు. ఏ సెంటరుకెళ్ళినా "చేతులు ఆడిస్తే మాన్పిస్తారా?" అని అడిగి చూడు. "వారంలో మాన్పిస్తాం" అన్నారంటే చెప్పులేసుకుని వచ్చెయ్.

ఇదే నీ బతుకుతెరువు చేసుకోవాలని గట్టిగా ఉంటే మూడు రోజులూ కాదు, 40 గంటలూ కాదు. స్పెషల్ ఎడ్యుకేషన్‌లో డీఎడ్డో బీఎడ్డో రెగ్యులర్‌గా చదవాలి. పునరావాస వృత్తులవాళ్ళ (స్పెషల్ టీచర్లు, థెరపిస్టుల్లాంటివాళ్ళ) రిజిస్ట్రేషన్ కోసం 1992లో చట్టం చేశారు, ఆ పని చూసే రీహాబిలిటేషన్ కౌన్సిల్‌ని ఆర్‌సీఐ అంటాం. చదువు పూర్తయ్యాక వాళ్ళిచ్చే సీఆర్‌ఆర్ నంబరు ఉంటేనే స్పెషల్ ఎడ్యుకేటర్ ఉద్యోగం. నిన్ను చేర్చుకునే కాలేజీకి గుర్తింపు ఉందో లేదో వాళ్ళ వెబ్‌సైట్‌లో నువ్వే చూసుకో, ఏజెంటు ఫోన్లో చూపించే స్క్రీన్‌షాట్ కాదు. నీకు ఇద్దరు పిల్లలు, అత్తగారికి మోకాళ్ళు. ఇప్పుడే అని నేననను.

మనిషి మీదకొస్తే ఎలా శాంతపరచాలి, ఎలా పట్టుకోవాలి అని నేర్పే కోర్సులు ఇంకో రకం. మానసిక ఆసుపత్రులు, హాస్టళ్ళు, డీఅడిక్షన్ సెంటర్లలో పనిచేసేవాళ్ళకి అవి తప్పనిసరిగా కావాలి. 2017 మానసిక ఆరోగ్య చట్టం గొలుసులు వెయ్యడాన్ని పూర్తిగా నిషేధించింది. ప్రమాదం తప్పించడానికి ఇంకే దారీ లేనప్పుడే, డాక్టరు అనుమతితోనే కట్టడి చెయ్యాలంది. ఆ సిబ్బందికి గొంతు తగ్గించి మాట్లాడటం, తలుపుకి అడ్డంగా నిలబడకపోవడం, ఒక్కరే మాట్లాడి మిగతావాళ్ళు వెనక్కుండటం నేర్పుతారు. నువ్వు వీటిలో పట్టుకునే భాగం జోలికి పోకు. ఏడేళ్ళ పిల్లాణ్ణి పట్టుకోవలసి వచ్చిందంటే అంతకు ముందు అరగంటలో మనమేదో చూడలేదన్నమాట.

ఆఫీసుల్లో మేనేజర్లకి ఇదే పేరుతో చెబుతారు, హోటల్లో బఫేతో. దాని గురించి నాకు అభిప్రాయం ఉంది గానీ ఇక్కడ వద్దు.

మతిమరుపు జబ్బున్న పెద్దవాళ్ళని చూసుకునేవాళ్ళ శిక్షణ మాత్రం మన ఇళ్ళకి కావాలి. మీ అమ్మమ్మ చివరి రెండేళ్ళూ సాయంత్రం ఐదింటికి మూట కట్టుకుని "ఇంటికి పోదాం పదండే" అనేది గుర్తుందా? "ఇదే నీ ఇల్లమ్మా" అని నేను గోడ మీద నాన్న ఫొటో చూపించి వాదించేదాన్ని. ఊరంతటికీ పాఠాలు చెప్పే మనిషిని, మా అమ్మ దగ్గర మూడు గళ్ళు మర్చిపోయాను. చివరికి పనిచేసిందేమిటంటే, మూట నేను పట్టుకుని, ఆవిణ్ణి వీధి చివరి వేపచెట్టు దాకా నడిపించి, తిప్పి తీసుకొచ్చి "ఇదుగో ఇల్లొచ్చింది" అనడం. అరుగు మీద కూర్చుని మంచినీళ్ళు అడిగేది. అల్జీమర్స్ కుటుంబాల కోసం ఏఆర్‌డీఎస్‌ఐ అని ఒక సంస్థ 1992లో కేరళలో మొదలైంది, హైదరాబాదులోనూ శాఖ ఉంది. నాకు అప్పట్లో దాని సంగతి తెలియదు. ఎవరైనా ఇలాంటి ఇబ్బందిలో ఉంటే చెప్పు.

మరి నువ్వేం చెయ్యాలంటే, ఆ రంగుల కాగితంవాళ్ళకి ఫోన్ చెయ్యి. చెప్పేవాళ్ళ చదువేమిటి, సీఆర్‌ఆర్ నంబరుందా అని అడుగు. నా క్లాసుకొచ్చి చూస్తారా అని అడుగు. రారంటే, నేను తీసి పంపిన వీడియో చూసి తప్పులు చెబుతారా అను (పిల్లల తల్లిదండ్రుల అనుమతి లేకుండా వీడియో తియ్యకు, అది వేరే తలనొప్పి). మూడు రోజులయ్యాక నెలకోసారైనా మాట్లాడతారా అను. ఒక్కదానికైనా తిన్నగా జవాబు చెబితే అప్పుడు ఆలోచిద్దాం. "సీట్లు అయిపోతున్నాయి మేడమ్" అన్నారంటే అయిపోనీ.

ఈలోపు నోటుబుక్కు. పది రోజులు నిండగానే పేజీలు ఫొటో తీసి పంపు, పిల్లాడి పేరు మీద కాగితం అడ్డం పెట్టి తియ్యి. డిసెంబరులో మీ పెదనాన్నకి గుంటూరులో పెళ్ళి పని ఉంది, నేనూ వస్తున్నాను. మీ హెడ్మిస్ట్రెస్ ఒప్పుకుంటే ఒక పూట మీ క్లాసులో వెనకాల కూర్చుంటాను. పెద్ద కుర్చీ ఏదైనా ఉంటే చూసిపెట్టు, ఈ మోకాళ్ళతో పిల్లల కుర్చీలో కూర్చుంటే నన్ను ఇద్దరు లేపాలి.

పిల్లలకి ముద్దులు. మీ అమ్మని బీపీ మాత్ర వేళకి వేసుకోమను.

మీ పెద్దమ్మ